పడుకున్నమ్మను లేపినవాడు

ఊళ్ళో అతన్ని అందరూ కొక్కెం అనే పిలిచేవారు. క్రేను నడిపేవాడికి అతికినట్టు సరిపోయే పేరే గానీ, ఆ పేరు క్రేను వల్ల వచ్చింది కాదు. చిన్నప్పుడు వాళ్ళక్క చిటికెన వేలు పట్టుకున్నాడంటే విడిపించడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అక్కను పెళ్ళాడబోయే మనిషి మొదటిసారి ఇంటికి వచ్చిన రోజున కూడా వాడు ఆ వేలు వదల్లేదు. ఆయన కాసేపు చూసి, "వీడు తమ్ముడు కాదు, కొక్కెం" అన్నాడు. ఆ మాట అక్కడే అంటుకుపోయింది.

తల్లి వాణ్ణి కని ఏడాది తిరక్కుండానే పోయింది. తండ్రి లారీల మీద తిరిగే మనిషి, ఇంటికి వస్తే చుట్టం వచ్చినట్టు. పెంచింది అక్కే. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఆమె ఒకటే చెప్పింది. "నన్ను చేసుకుంటే వీణ్ణీ చేసుకున్నట్టే." కాబోయే బావ నవ్వి, "ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నమాట. కానీ, ఉచితంగా వచ్చిందే ఎక్కువ తినేట్టుంది" అన్నాడు. ఆయన రోడ్లకు తారు పోసే పని చేసేవాడు. సబ్బు ఎంత రుద్దినా గోళ్ళ అంచున నల్లటి గీత ఉండనే ఉండేది. అన్నం కలుపుతున్నప్పుడు కొక్కెం ఆ గీతల వైపే చూసేవాడు.

వాళ్ళది మేడమెట్ల కింద ఉన్న రెండు గదుల ఇల్లు. ముందుగదిలో మూడొంతులు ఇస్త్రీ బల్లే. దాని మీద నాలుగు మడతలు వేసిన పాత కంబళి, కంబళి మీద కాలి కాలి గోధుమరంగుకు తిరిగిన దుప్పటి. తడి బట్ట మీద వేడి పెట్టె దిగినప్పుడు వచ్చే ఆవిరి వాసన ఆ ఇంటి గోడలకే పట్టేసింది. వీధివాళ్ళందరికీ ఆమె ఇస్త్రీ అక్క. ఎవరి చొక్కా ఎవరిదో కాలరు చూసి చెప్పేది. ఎవరి ఇంట్లో తగువు నడుస్తోందో కూడా చొక్కా చూసే చెప్పేదని బావ వేళాకోళం చేసేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇస్త్రీ పెట్టెను చల్లారబెట్టి, ఆమె రాళ్ళ దగ్గరికి వెళ్ళేది.

ఆ రాళ్ళు ఊరికి ఆ చివర, బస్సు డిపో గోడ వెనక, గడ్డి మొలిచిన ఏటవాలు నేల మీద ఉండేవి. ఎవరు నిలబెట్టారో, ఎందుకు నిలబెట్టారో తెలియదు. మనిషికంటే ఎత్తయిన రాళ్ళు గుండ్రంగా, పనిగట్టుకుని ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉండేవి. ఒకసారి లెక్కపెడితే వచ్చిన లెక్క రెండోసారి రాదని పిల్లలు చెప్పుకునేవారు. నిజానికి పిల్లల్లో ఒకడు ఎప్పుడూ ఏదో ఒక రాయి వెనక దాక్కుని ఉండడంవల్ల లెక్కపెట్టేవాడికి ఏకాగ్రత ఉండేది కాదు, అంతే.

అన్నీ నిలబడి ఉంటే ఒక్క రాయి మాత్రం పడుకుని ఉండేది. లారీ తొట్టంత పొడవు. పైన ఒకచోట చిన్న గుంట, వాన కురిస్తే అందులో నాలుగు దోసిళ్ళ నీళ్ళు నిలిచేవి. కొక్కేనికి కళ్ళు ఎర్రబడి పుసి కట్టినప్పుడు అక్క ఆ నీళ్ళతోనే కడిగింది. మందుల వల్ల తగ్గిందో ఆ నీళ్ళ వల్ల తగ్గిందో గానీ తగ్గింది. ఆ రాయి పేరు పడుకున్నమ్మ.

అక్క చెప్పే కథ ఇది. ఒకప్పుడు పెద్ద కరువు వచ్చిందట. ఈ చోట ఊట పుడుతుందని ఎవరో చెబితే జనమంతా కుండలు పట్టుకుని వచ్చి గుండ్రంగా నిలబడ్డారట. ఊట ఇవాళ పుడుతుంది, రేపు పుడుతుంది అని నిలబడే ఉన్నారు. ముందు నిలబడ్డ ఇద్దరూ నేను ముందంటే నేను ముందని కొట్లాడుకున్నారు. వాళ్ళే ఇప్పుడు ఒకదాని ముఖంలోకి ఒకటి వంగినట్టుండే తగువు రాళ్ళు. ఒక ముసలాయన, తనకు ఎవరూ చోటివ్వలేదని అలిగి అవతలికి తిరిగి నిలబడ్డాడు. ఆయనే అలిగిన మామ. వీపు వంగిపోయినట్టుండేది గూని రాయి, దానికి వేరే నవ్వుల కథ ఉండేది. ఆ వరుసలో ఒక నిండు చూలాలు కూడా ఉంది. నిలబడి నిలబడి ఆమె కాళ్ళు పీకాయి. "ఊట పుడితే నన్ను లేపండమ్మా" అని పక్కవాళ్ళతో చెప్పి కాస్త నడుం వాల్చింది. ఊట పుట్టలేదు. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే రాళ్ళయిపోయారు, పడుకున్నది పడుకున్నట్టే రాయయింది.

"మరి ఆమె కడుపులో పాప?" అని ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడిగేది.

"అమ్మ లేస్తేగా అది లేచేది. హాయిగా నిద్రపోతోంది. మీలా అరిస్తే లేస్తుంది, అరవకండి" అనేది అక్క. ఆమె ఎప్పుడూ పడుకున్నమ్మకు ఒకే వైపున, అలిగిన మామకు వీపు పెట్టి, ఒక చెయ్యి రాతి మీద ఆన్చి కూర్చునేది. అది ఆమె అలవాటని అందరూ అనుకున్నారు, కొక్కెంతో సహా.

అక్కకు పిల్లలు లేరు. ఒకసారి కడుపు వచ్చిందని, ఆసుపత్రికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చిందని కొక్కేనికి తెలుసు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ విషయం మాట్లాడనే లేదు. అడగకూడని విషయమని వాడే అర్థం చేసుకుని, అర్థం చేసుకున్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. బావ గుండె ఆగి రోడ్డు పని మీదే పోయాడు. కొక్కెం మొదట లారీ క్లీనరు, తర్వాత అద్దె క్రేన్ల షెడ్డులో సహాయకుడు, ఆ తర్వాత ఆపరేటరు అయ్యాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఇల్లు పక్క వీధిలోనే. క్రేను పనిలో అతనికి మంచి పేరు వచ్చింది. కాళ్ళు చాచి నేలను అదుముకున్న క్రేనులో కూర్చుని, బరువు చూపే ముల్లు వైపు ఒక కన్ను, కింద చేతి సైగలు చేసే మనిషి వైపు ఒక కన్ను వేసి, నీళ్ళ తొట్టినైనా ఇనుప దూలాన్నైనా గుడ్డు దించినట్టు దించేవాడు. "గాజుల దుకాణంలో కూడా క్రేను తిప్పగలడు" అనేవారు షెడ్డులో. ఆ మాట విన్న రోజున ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. "ఇంట్లో మాత్రం గ్లాసు ఎత్తితే గ్లాసు పగులుతుంది" అంది ఆమె.

అలాంటి రోజుల్లో తవ్వకాల మేడం వచ్చింది.

ఆమె పాతరాళ్ళను చూసుకునే సర్కారు శాఖలో అధికారి. మోకాళ్ళ దాకా మట్టి, నెత్తిన టోపీ. ముందు కొలిచింది, తర్వాత రాయికి రెండు కొసల్లో జాగ్రత్తగా తవ్వించింది. పడుకున్నమ్మ పాదాల దగ్గర, ఆ రాయి ఒకప్పుడు నిలబడి ఉన్న గుంత బయటపడింది. రాయి పడుకుని పుట్టలేదు, నిలబడి పడిపోయిందన్నమాట. కింద నీరు చేరి రాయి పొరలు పొరలుగా విడిపోతోందని, ఇలాగే వదిలేస్తే మన పిల్లలు ముసలివాళ్ళయ్యేసరికి ముక్కలవుతుందని, తిరిగి నిలబెట్టడమే దాన్ని కాపాడే దారి అని ఆమె చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఇవి ఎందుకు నిలబెట్టారని అడిగినవాళ్ళతో, "తెలియదండీ. తెలిసిందని చెప్పేవాళ్ళను నమ్మకండి" అని నవ్వేది. కొక్కేనికి ఆ మేడం మీద గౌరవం కలిగింది.

నిలబెట్టే పనికి ఆమె అడిగిన మొదటి మనిషి అతనే. వేల ఏళ్ళ నాటి రాయి, అంగుళం అటూ ఇటూ అయితే రెండు ముక్కలవుతుంది. ఇటువంటి పని ఒక ఆపరేటరు జన్మలో ఒకసారి కూడా రాదు. అతను ఆ సాయంత్రం గాలిలో తేలుతూ అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క ఒక తెల్ల చొక్కా చేతిని బల్ల మీద పరుస్తోంది. అతను చెప్పినదంతా విని, పెట్టెను నిలువుగా ఆనించింది.

"ఒరేయ్ చిన్నోడా, రేపు బడి హాల్లో మీటింగు ఉందటగా. ఊరివాళ్ళ అభిప్రాయం అడుగుతారట."

"అవునక్కా. అదంతా ఊరికే, పద్ధతి కోసం."

"పద్ధతి కోసమే అనుకో. నువ్వు లేచి ఒక్క మాట చెప్పరా. ఆవిణ్ణి అలాగే పడుకోనివ్వమని. నీ మాటయితే వింటారు."

అతను నవ్వాడు. "రాయికి నిద్రేంటక్కా! నీ కథ నువ్వే నమ్మేశావా ఏంటి?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. "లేపొద్దురా" అంది, అంతే. పెట్టె అందుకుని చొక్కా రెండో చెయ్యి మొదలుపెట్టింది.

ఎందుకక్కా అని అడగడానికి అతనికి ఆ క్షణంలో తోచలేదు. అతని మనసు అప్పటికే క్రేనెక్కి కూర్చుంది. ఏ బెల్టులు వేయాలి, ఎక్కడ వేయాలి, కింద చెక్క దిమ్మలు ఎన్ని కావాలి అన్న లెక్కల్లో ఉంది. టీ తాగి గ్లాసు కడిగిపెట్టి వచ్చేశాడు. తర్వాతి జీవితమంతా అతను ఆ గదిలోకే తిరిగి తిరిగి వెళ్ళాడు, మనసులో. ఆమె పెదవి కదలడం, తను గ్లాసు కడగడం.

మర్నాడు బడి హాల్లో చిన్నపిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మేడం బొమ్మలు చూపించి వివరించింది. "ఎవరికైనా అభ్యంతరముంటే మొహమాటం లేకుండా చెప్పండి. మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తాం" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. డిపో మేనేజరు బస్సుల దారి గురించి అడిగాడు. ఒక ముసలాయన, నిలబెడితే వచ్చేపోయేవాళ్ళు పెరిగి తన టీకొట్టు బాగుపడుతుందా అని అడిగాడు. అందరూ నవ్వారు.

అక్క చివరి బెంచీలో కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడిచి వచ్చింది. కొక్కెం వైపే చూస్తోంది.

అతను లేచాడు. లేవడం అక్క కోసమే లేచాడో, ఊరంతా చూస్తోందని లేచాడో అతనికే తెలియదు. నోరు తెరిచేసరికి వచ్చిన మాట ఇది: "రాయికి గీత కూడా పడకుండా నిలబెట్టే పూచీ నాది."

హాలంతా చప్పట్లు కొట్టింది. అతను కూర్చుని వెనక్కి తిరిగి చూసేసరికి చివరి బెంచీ ఖాళీగా ఉంది.

రాయిని లేపిన రోజు ఎండ బాగా కాసింది. డిపో గోడెక్కి కూడా జనం చూశారు. పేపరువాళ్ళు వచ్చారు. అక్క రాలేదు. మోకాళ్ళ నొప్పి అనుకున్నాడు, అలా అనుకోవడమే సుఖం కనుక.

పడుకున్నమ్మ తలవైపు వెడల్పాటి బెల్టులు బిగించి, రాతికి ఒరుసుకోకుండా కింద మెత్తలు పెట్టారు. పాదాలు గుంతలోకి జారేటట్టు, తలవైపు మెల్లగా లేపాలి. క్రేను గొంతు మారింది. ముల్లు కదిలింది. నేల మొదట వదలనంది. తర్వాత తడి చప్పుడొకటి చేసి వదిలేసింది. రాయి తల జానెడు లేచింది, మూరెడు లేచింది. కొక్కెం చేతులు వాటంతటవే పనిచేసుకుపోతున్నాయి. ఒళ్ళంతా ఎంత ఆనందంగా ఉందో చెప్పలేం.

రాయి సగం లేచి ఏటవాలుగా ఉన్నప్పుడు కింద నేల కనబడింది. ఎన్ని వేల ఏళ్ళుగానో ఎండ చూడని నల్లటి మన్ను. ఒక పక్క అంచున, ఆ మన్ను పెళ్ళగా విరిగి ఒక రేకు పెట్టె బయటపడింది. కేబిన్ ఎత్తు నుంచి అతనికి అందరికంటే ముందు కనబడింది. పెట్టె మొత్తానికి మందంగా తారు పూసి ఉంది. మట్టి లాగిన లాగుడుకు మూత ఒక మూల లేచి, ఆ సందులోంచి గుడ్డ అంచు బయటికి వచ్చింది. నీలిగళ్ళ గుడ్డ.

అతనికి ఆ గళ్ళు తెలుసు. వంటగదికీ ముందుగదికీ మధ్య వేలాడిన తెర అది. దాని వెనకే దాక్కునేవాడు, దానికే మూతి తుడుచుకునేవాడు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి సగం తెర లేదు. మిగతా సగం ఏదని అడిగితే, "ఎలుకలు ఎత్తుకెళ్ళాయిరా" అన్నాడు బావ, అతని వైపు చూడకుండా. అక్క ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే అది. అక్క రోజూ కూర్చునే వైపు ఇదే.

కింద సైగలు చేసే మనిషి చెయ్యి ఊపుతున్నాడు. పైకి, ఇంకా పైకి. రాయి సగంలో ఆగితే బెల్టులు జారతాయి. కిందికి దించితే పెట్టె నలిగిపోతుంది. లేపడం తప్ప దారి లేదు. కొక్కెం లేపాడు. రాయి వణకలేదు. పాదాలు గుంతలోకి దిగాయి. రాయి నిటారుగా నిలబడింది. నాలుగు దోసిళ్ళ గుంట ఇప్పుడు ఆకాశం వైపు కాక పక్కకు తిరిగి, మూసిన కన్నులా ఉంది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఎవరో నిధి దొరికిందని అరిచారు.

మేడం పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. సందులోంచి ఒక్కసారి చూసింది. టోపీ తీసేసింది. దుమ్ము పడకుండా వేసుకున్న పల్చటి కోటు విప్పి పెట్టె మీద కప్పింది. తర్వాత కేబిన్ దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో చెప్పింది.

"ఇది పాతకాలం నాటిది కాదండీ. చిన్న బిడ్డ. ఈమధ్యది, మహా అయితే ఇరవై ముప్పై ఏళ్ళు. పోలీసులకు చెప్పాలి, రూలు. మీది ఈ ఊరే కదా, ఎవరిదైనా అయ్యుంటుందేమో మీకు తెలుసా?"

మంచిగా అడిగింది. అతను చెప్పి ఉండవచ్చు. "మాదే మేడం, మా అక్క బిడ్డ" అంటే సరిపోయేది. ఆమె అక్కడే ఏదో దారి చూసేది కూడా. కానీ చుట్టూ జనం, కెమెరాలు, పైగా అది నేరమేమో, అక్కను స్టేషనుకు ఈడుస్తారేమో అన్న భయం. అన్నిటికంటే, ఆ పెట్టెను బయటికి లాగింది తన చెయ్యే. "తెలియదండీ" అన్నాడు.

పేపరువాళ్ళు అతన్ని రాయి పక్కన నిలబెట్టి నవ్వమన్నారు. నవ్వాడు. ఆ ఫొటోలో అతని వెనక, నేల మీద, కోటు కప్పిన చిన్న ఎత్తు కూడా కనబడుతుంది, తెలిసి చూస్తే.

సాయంత్రం అతను వెళ్ళేసరికి అక్క ఇస్త్రీ చేస్తూనే ఉంది. వార్త వీధి వీధంతా తిరిగి ఆమెకు ఎప్పుడో చేరింది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పెట్టె పగిలిందా?" అంది తలెత్తకుండా.

"లేదక్కా. మూత ఒక మూల లేచింది."

"మీ బావ గట్టిగానే పూశాడు. తడి తగలకూడదని రెండుసార్లు పూశాడు." ఆమె చొక్కాను మడతపెట్టి, మడతను అరచేత్తో నొక్కింది. "ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"తెలియదు. ఏదో పరీక్షలకు."

"పరీక్షలా? దానికింక ఏం పరీక్షలురా?"

అతను బల్ల పక్కన కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలేదక్కా నాకు? ఒక్క మాట చెబితే ఆ పని ఒప్పుకునేవాణ్ణా?"

"ఒప్పుకునేవాడివి కాదు. అందుకే చెప్పలేదు." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వలా వెలిగిపోతూ రావడం నేనెప్పుడూ చూడలేదు చిన్నోడా. చెబుదామనే నోరు తెరిచాను. నీ మొహం చూసి మూసుకున్నాను. లేపొద్దంటే ఎందుకని అడుగుతావులే, అప్పుడు చెబుదాం అనుకున్నాను."

ఆ తర్వాత ఆమె మొత్తం చెప్పింది. ఆడపిల్ల. పుట్టాక ఏడవనే లేదు. మా దగ్గర వదిలేసి వెళ్ళండి, మేం చూసుకుంటామన్నారు ఆసుపత్రిలో. ఎలా చూసుకుంటారని బావ అడిగితే అవతలి మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన బిడ్డను చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. శ్మశానంలో పేరు, పుట్టినట్టు కాగితం అడిగారు. పుట్టి బతకని పిల్లకు రెండూ లేవు. ఏడిస్తే దానికి దారి దొరకదని, మరిచిపొమ్మని పెద్దవాళ్ళు అన్నారు. తెల్లారుతుండగా బావే అన్నాడట. "పడుకున్నమ్మ పక్కన పడుకోబెడదామే. ఆవిడా కడుపుతో ఉన్న మనిషేగా. చూసుకుంటుంది." రాతి అంచు కిందికి గుంత తవ్వి పెట్టాడట.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు" అంది అక్క.

మర్నాడు కొక్కెం మేడం దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాడు. ఆమె "నిన్ననే చెప్పి ఉంటే..." అని ఆగిపోయింది. అప్పటికే పెట్టె గుర్తుతెలియని శిశువుగా నమోదై వేరే పట్నానికి వెళ్ళిపోయింది. ఇక అది వెనక్కి రావాలంటే అక్క స్టేషనుకు వెళ్ళాలి, చెప్పాలి.

వెళ్ళింది. గోడవారనున్న బల్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, సొంత తమ్ముడికి ముప్పై ఏళ్ళుగా చెప్పని సంగతి ఒక టైపు కొట్టే కుర్రాడికి చెప్పింది. ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. "కొంచెం గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు ఫ్యాను చప్పుడుకు. ఆమె గట్టిగా చెప్పింది. బిడ్డ కదిలిందా, ఎవరెవరు చూశారు, ఏ చేత్తో మూత వేశారు, అన్నీ చెప్పింది. కొక్కెం పక్కనే నిలబడి నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. రాయిని లేపినందుకు తనను తాను ఎప్పుడైనా క్షమించుకున్నాడేమో గానీ, ఆ గదిలో ఆమె చేత గట్టిగా చెప్పించినందుకు మాత్రం క్షమించుకోలేదు.

పెట్టె తిరిగి రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోగా రాళ్ళ చుట్టూ కంచె వేశారు. కంచెలోపల మళ్ళీ పాతిపెట్టడానికి వీలుందేమోనని మేడం పైవాళ్ళకు రాసింది, స్వయంగా వెళ్ళి అడిగింది. కుదరదన్నారు. కాపాడుతున్న స్థలంలో కొత్తగా ఏదీ పాతకూడదు. చివరికి ఊరి శ్మశానంలోనే చోటు దొరికింది. బావ పక్కన ఖాళీ లేదు. ఆ చివర, గోడ దగ్గర ఇచ్చారు. మట్టి పోసినప్పుడు అక్క ఏడవలేదు. "ఇక్కడ గాలి ఎక్కువ" అంది, అంతే.

ఆమె తమ్ముడితో మాట్లాడడం మానలేదు. మానేసి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. ఎప్పటిలాగే టీ పెట్టేది, పిల్లల చదువులు అడిగేది, "అల్లం వెయ్యనా" అని అడిగి మరీ వేసేది. కానీ మధ్యాహ్నాలు ఇక ఎక్కడికీ వెళ్ళలేదు. పెట్టె చల్లార్చకుండా సాయంత్రం దాకా ఇస్త్రీ చేస్తూనే ఉండేది. వీధి పిల్లలు కథ చెప్పమని వస్తే, "కథలు అయిపోయాయమ్మా, వెళ్ళి ఆడుకోండి" అనేది.

కథలు అయిపోలేదు గానీ, వేరే నోళ్ళలోకి పోయాయి. కంచె దగ్గర మేడం పెట్టించిన పలక ఉంది. దాని మీద రాళ్ళ వయసు, ఎత్తు, ఏ కొండల నుంచి తెచ్చి ఉంటారో రాసి ఉంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. టీకొట్టు ముసలాయన మాత్రం, లేపిన రోజున పడుకున్నమ్మ బిడ్డను కన్నదని, అది వెండి పెట్టెలో పుట్టిందని, సర్కారువాళ్ళు పట్టుకుపోయారని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. ఒకరోజు కొక్కెం అక్కడే టీ తాగుతూ విన్నాడు. పక్కనున్న జంట నోరు తెరుచుకుని వింటోంది. గ్లాసు సగంలో వదిలేసి లేచి వచ్చేశాడు.

కొన్నేళ్ళకు మేడం మళ్ళీ వచ్చింది. తగువు రాళ్ళు మరీ వంగిపోతున్నాయి, సరిచేయాలంది. "మీరు కాక ఇంకెవరి మీదా నాకు నమ్మకం లేదు."

"వేరేవాళ్ళను చూసుకోండి మేడం" అన్నాడు కొక్కెం.

ఆమె బలవంతపెట్టలేదు. వెళ్ళేముందు, "మీ అక్కగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"ఇస్త్రీ చేస్తోంది" అన్నాడు.

అక్కకు జబ్బు చేసింది ఆ తర్వాత ఏడాదే. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రి మంచం మీద ఆమె చాలా చిన్నగా కనబడింది. కొక్కెం దుప్పటి సర్దుతుంటే, "మడత సరిగ్గా లేదు, ఇలా తే" అని తనే సర్దుకుంది. పోయే ముందు రోజు ఒకే కోరిక చెప్పింది.

"మీ బావ పక్కన వద్దురా. ఆయన మొద్దునిద్ర మనిషి, ఒక్కడే ఉండగలడు. నన్ను గోడ దగ్గర పెట్టు."

అలాగే పెట్టాడు. క్రేనుతో కాదు, మనుషులతో, తాళ్ళతో, ఒక తాడు తనే పట్టుకుని.

ఇంటికి తిరిగి వచ్చేసరికి ఇస్త్రీ బల్ల మీద మూటలు అలాగే ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్ళేముందు చేసిపెట్టినవి, ఎవరివి వాళ్ళకు కట్టినవి. భార్య రేపు పంపిద్దామంది. అతను వినలేదు. మూటలన్నీ చేతుల మీద వేసుకుని ఇంటింటికీ వెళ్ళి ఇచ్చి వచ్చాడు. అందరూ తలుపు తీసి, అక్క గురించి ఒక మంచి మాట చెప్పి, బట్టలు తీసుకున్నారు.

చివరి ఇంట్లో ఒక పడుచు తల్లి, చంకలో పిల్లతో తలుపు తీసింది. చిన్నప్పుడు అక్క చుట్టూ కూర్చున్న పిల్లల్లో ఆమె ఒకతి.

"మాకు గూని రాయి కథ చెప్పేది అక్క" అంది. "ఎంత నవ్వేవాళ్ళమో! దీనికి చెబుదామంటే నాకు సగమే గుర్తుంది. ఆ గూనివాడు కుండ మోసుకుంటూ వస్తాడు, దార్లో ఎవరో పిలుస్తారు... తర్వాత ఏమవుతుంది బాబాయ్?"

కొక్కెం గుమ్మం బయట నిలబడి చాలాసేపు ఆలోచించాడు. కుండ గుర్తొచ్చింది. అక్క గొంతు మార్చి గూనివాడిలా నడవడం కూడా గుర్తొచ్చింది. కథ గుర్తుకు రాలేదు.

"నాకు తెలియదమ్మా" అని చెప్పి మెట్లు దిగాడు.